రెండు కణాలు ఒకటైనప్పుడు పొరకు ఏమవుతుంది?

కొక్కెర తెగులు అన్న మాట వినగానే నాటుకోళ్లు పెంచేవాళ్ల గుండె జారుతుంది. నిన్నటిదాకా గింజలేరుకున్న కోడి ఇవాళ మెడ వంకర పోయి, నోరు తెరిచి ఆయాసపడుతూ, ఆకుపచ్చటి రెట్ట వేస్తూ ఒరిగిపోతుంది. కొద్దిరోజుల్లోనే గూడు ఖాళీ అవుతుంది. 1926లో ఇంగ్లండులోని న్యూకాజిల్ దగ్గర కనబడడం వల్ల దీన్ని న్యూకాజిల్ వ్యాధి అన్నారు. కుమావూ కొండల్లోని రాణీఖేత్‌లో కనబడిన రోగాన్ని 1928లో ఎడ్వర్డ్స్ వర్ణించాక మన దేశంలో రాణీఖేత్ వ్యాధి అన్న పేరు నిలిచింది. చెన్నై వేపేరిలో 1903లో మొదలైన మద్రాసు పశువైద్య కళాశాల, 1989లో ఏర్పడిన తమిళనాడు పశువైద్య విశ్వవిద్యాలయం, రాణిపేటలోని టీకాల సంస్థ ఈ రోగంతో ఏళ్ల తరబడి పోరాడాయి. పెరటి కోళ్లకు సూది వేయడం కష్టం కనుక, విశ్వవిద్యాలయం వాళ్లు డీ58 అనే సాధువైన, వేడికి తట్టుకునే వైరస్ రకాన్ని గుళికలుగా చేసి మేతతో పాటే తినిపించే టీకా తయారుచేశారు. కోడిని చంపే వైరస్, టీకాగా పనికొచ్చే వైరస్ ఒకే కుటుంబం బిడ్డలు. రెంటి మధ్యా ఉన్న ముఖ్యమైన తేడా ఒక ప్రోటీన్‌లో, ఒకచోట, కొన్ని అమైనో ఆమ్లాలలో ఉంది. పొరలను కలిపే ప్రోటీన్ అదే.

ఈ వైరస్‌ను గాజు పళ్లెంలో పెంచిన కణాల మీద వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే, విడివిడిగా ఉన్న కణాల సరిహద్దులు ఒక్కొక్కటే చెరిగిపోతూ కనబడతాయి. చివరికి ఒకే పొర లోపల పదుల కొద్దీ కేంద్రకాలు గుంపుగా చేరిన పెద్ద కణం మిగులుతుంది. దీన్ని సిన్సీషియం అంటారు. తట్టు, గవదబిళ్లలు, హెచ్‌ఐవీ, నీపా, పసిపిల్లల ఊపిరితిత్తులను పట్టే ఆర్‌ఎస్‌వీ, కోవిడ్ వైరస్ అన్నీ ఈ పని చేయగలవు. దీని మీద వచ్చిన పరిశోధనలో పెద్ద భాగం కలిపే ప్రోటీన్ గురించే. అది ఎలా ఉంటుంది, ఎప్పుడు కదులుతుంది, దాన్ని ఎలా ఆపాలి అన్నవే ప్రశ్నలు. కలిసిన తరవాత పొర ఏ స్థితిలో ఉంటుందన్న ప్రశ్నకు దక్కిన శ్రద్ధ చాలా తక్కువ. నా మటుకు ఈ రెండో ప్రశ్నే పెద్దది అనిపిస్తుంది. కలవడం క్షణాల్లో అయిపోతుంది. ఆ తరవాత పొర తన స్వభావాన్ని ఎంతవరకు నిలబెట్టుకుంటుందన్న దాని మీదే కణం బతుకు ఆధారపడి ఉంటుంది.

బహుకేంద్రక కణాలను రోగనిర్ధారణ వైద్యులు చాలాకాలంగా చూస్తూనే ఉన్నారు. తట్టు దద్దురు పొక్కక ముందే టాన్సిళ్లలో కనబడే పెద్ద కణాలను 1931లో వార్తిన్, ఫింకెల్డీ విడివిడిగా వర్ణించారు. 1954లో ఎండర్స్, పీబుల్స్ తట్టు వైరస్‌ను ప్రయోగశాలలో మొదటిసారి పెంచినప్పుడు దాన్ని పట్టించింది కూడా ఈ పెద్ద కణాలే. కానీ అవి రెండు కణాలు కలవడం వల్ల పుట్టాయా, ఒకే కణంలో కేంద్రకం మాత్రం పదేపదే చీలడం వల్ల పుట్టాయా అన్నది తేలలేదు. 1957లో జపాన్‌లోని ఒసాకాలో యోషియో ఒకాడా సెండాయ్ అనే ఎలుకల వైరస్‌ను ఎలుక కణితి కణాలకు కలిపి, కణాలు నిజంగానే ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయని చూపించాడు. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకోటి ఆయన పనిలో బయటపడింది. అతినీలలోహిత కిరణాలతో చంపేసిన వైరస్ కూడా కణాలను కలుపుతుంది. అంటే ఈ పనికి వైరస్ సంతానం కననక్కర్లేదు, దాని జన్యువులు పనిచేయనక్కర్లేదు, దాని ఒంటిమీదున్న ప్రోటీన్లు చాలు.

1969లో బ్రాట్, గాలహర్ కోళ్ల రాణీఖేత్ వైరస్‌తోనే ఈ రెండు దారులనూ వేరుచేసి చూపించారు. మొదటిది బయటినుంచి కలపడం. ఎక్కువ వైరస్‌ను ఒక్కసారిగా పోస్తే ఒక్కో వైరస్ రేణువు రెండు కణాల మధ్య చిక్కుకుని రెండు పొరలనూ కలిపేస్తుంది. రెండోది లోపలినుంచి కలపడం. వైరస్ లోపలికి వెళ్లి, కణం చేతనే తన ప్రోటీన్ తయారుచేయించి, దాన్ని కణం పొర మీద నిలబెట్టి, ఆ పొరతో పక్క కణాన్ని లాక్కుంటుంది. మొదటిదానికి కొన్ని గంటలు కూడా పట్టదు. రెండోదానికి ప్రోటీన్ తయారీ జరగాలి. రోగిలో, రోగం తగిలిన కోడిలో జరిగేది ప్రధానంగా రెండోదే.

కణాలను కలిపే ఈ విచిత్రమైన పరికరం జీవశాస్త్రానికి ఇచ్చిన అతిపెద్ద కానుక 1970 నాటిది. జాన్స్ హాప్కిన్స్‌లో ఫ్రై, ఎడిడిన్ అనే ఇద్దరు ఒక సూటి ప్రశ్న వేసుకున్నారు: కణం పొరలోని ప్రోటీన్లు ఉన్నచోటే పాతుకుని ఉంటాయా, కదులుతాయా? ఎలుక కణాన్నీ మనిషి కణాన్నీ సెండాయ్ వైరస్‌తో కలిపారు. ఎలుక ప్రోటీన్లకు ఆకుపచ్చగా, మనిషి ప్రోటీన్లకు ఎర్రగా మెరిసే రంగులు అంటించారు. కలిసిన కొత్తలో జంటకణం సగం ఆకుపచ్చ, సగం ఎరుపు. 37 డిగ్రీల దగ్గర ఉంచితే 40 నిమిషాల్లో దాదాపు అన్ని జంటకణాల్లోనూ రంగులు పూర్తిగా కలిసిపోయాయి. కణానికి శక్తి అందకుండా చేసే విషాలు వేసినా కలయిక ఆగలేదు. కొత్త ప్రోటీన్ తయారీ ఆపినా ఆగలేదు. ఉష్ణోగ్రతను 15 డిగ్రీల కిందికి దించితే మాత్రం ఆగింది. కనుక ఈ కదలిక కణం పనిగట్టుకుని చేసేది కాదు, పొర సహజంగా ద్రవం కావడం వల్ల జరిగేది అని తేల్చారు. రెండేళ్ల తరవాత 1972లో సింగర్, నికల్సన్ ప్రతిపాదించిన ద్రవ మొజాయిక్ నమూనాకు గట్టి ఆధారాల్లో ఇదొకటి. ఇంటర్మీడియట్ పిల్లలు పరీక్షలో గీసే కణత్వచం బొమ్మ వెనక ఒక ఎలుకల వైరస్ ఉందన్న సంగతి పాఠ్యపుస్తకాలు చెప్పవు. చెప్పాలి.

అయితే పొర పూర్తిగా స్వేచ్ఛగా పారే ద్రవం కాదని తరవాతి దశాబ్దాల్లో తెలిసింది. లోపలి అస్థిపంజరం లాంటి తంతువులు కొన్ని ప్రోటీన్లను కట్టి ఉంచుతాయి, కొలెస్టరాల్ కొన్ని చోట్ల పొరను బిగిస్తుంది. పేగు గోడలోనో శ్వాసనాళంలోనో ఉన్న కణానికి పైభాగం ఒకలా, కిందిభాగం ఒకలా ఉంటుంది. పైన ఉండాల్సిన ప్రోటీన్ కిందికి రాకుండా కణాల మధ్య గట్టి అతుకులు అడ్డుకుంటాయి. వైరస్ ఇలాంటి కణాలను కలిపినప్పుడు ఈ ఏర్పాటు చెదిరిపోతుంది. ఏ ప్రోటీన్ ఎటువైపు పని చేయాలో ఆ దిక్కు పోతుంది. ఊపిరితిత్తిలో గాలిగదుల లోపలి పొర తెగినప్పుడు నీళ్లు చేరడానికి చాలా కారణాలుండవచ్చు గానీ, ఈ దిక్కు తప్పడాన్ని వాటిలో ఒకటిగా నేను లెక్కలోకి తీసుకుంటాను.

ఇంతకీ పొరలు తమంతట తాము ఎందుకు కలవవు? ఒక్కో పొర మందం నాలుగైదు నానోమీటర్లు, అందులో కొవ్వు అణువులు తలలు బయటికి, తోకలు లోపలికి పెట్టుకుని రెండు వరసల్లో ఉంటాయి. ఆ తలలను నీటి అణువులు పట్టుకుని ఉంటాయి. రెండు పొరలు ఒకటి రెండు నానోమీటర్ల దూరానికి వచ్చేసరికి ఆ నీరు వాటిని దూరంగా నెట్టేస్తుంది. దాన్ని తొలగించడానికి శక్తి కావాలి. ఆ శక్తిని వైరస్ ప్రోటీన్ ముందే తనలో దాచుకుని వస్తుంది. కొక్కెర తెగులు వైరస్‌లో దాని పేరు ఎఫ్. అది బిగించి పెట్టిన ఎలుకల బోను. పక్కనే ఉన్న హెచ్‌ఎన్ ప్రోటీన్ ఎదుటి కణం మీది సియాలిక్ ఆమ్లాన్ని పట్టుకోగానే బోను విడుతుంది. ఎఫ్ తల చాచి, నీళ్లంటే గిట్టని తన కొసను ఎదుటి పొరలో గుచ్చుతుంది. తరవాత తనమీద తనే మడతపడి రెండు పొరలనూ దగ్గరికి లాగుతుంది. మొదట బయటి వరసలు మాత్రమే కలుస్తాయి, లోపలి వరసలు ఇంకా వేరుగానే ఉంటాయి. ఆ సగం కలయిక తరవాత ఒక చిన్న రంధ్రం పడుతుంది. ఆ రంధ్రం పెద్దదైతేనే కణం కణంలో పూర్తిగా కలుస్తుంది. ఇన్‌ఫ్లూయెంజా వైరస్‌లో ఈ బోను ఆమ్లగుణం తగిలితే తప్ప విడదు, అందుకే అది మామూలుగా కణాలను కలపదు, కణం లోపలి ఆమ్లపు సంచిలోనే కలుస్తుంది.

మడత పడిన ప్రోటీన్‌లో మూడు సర్పిలాలు ఒకదాన్నొకటి పెనవేసుకుని మధ్యలో, ఇంకో మూడు బయట ఆనుకుని, ఆరు పోగుల కట్ట ఏర్పడుతుంది. హెచ్‌ఐవీ కలయిక ప్రోటీన్ జీపీ41లో ఈ ఆకారం 1997లో స్పష్టంగా కనబడింది. ప్రోటీన్ పోగులు పెనవేసుకునే తీరు మీద చెన్నైలో చాలా ముందే ఆలోచన మొదలైంది. మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కార్తా 1954, 55 సంవత్సరాల్లో కొల్లాజెన్‌కు మూడు పోగుల నిర్మాణాన్ని ప్రతిపాదించారు. ఆ పోగులు జీపీ41 పోగులకన్నా వేరే రకం, కానీ ప్రోటీన్ గొలుసు ఏ కోణాల్లో తిరగగలదు, ఏ కోణాల్లో తిరగలేదు అన్న ప్రశ్న అక్కడినుంచే పెరిగింది. 1963లో రామచంద్రన్, రామకృష్ణన్, శశిశేఖరన్ ఇచ్చిన పటంలో ఆ కోణాల లెక్క ఉంది. ఇవాళ్టికీ ఏ వైరస్ కలయిక ప్రోటీన్ నిర్మాణం అచ్చయినా, అది సరిగా ఉందో లేదో ముందు ఆ మద్రాసు పటం మీద పెట్టి చూస్తారు.

ఇప్పుడు పొర విషయానికి వద్దాం. 1973లో పాస్టర్నాక్, మిక్లెమ్ సెండాయ్ వైరస్ తగిలిన కణాల పొరలు కారుతున్నాయని చూపించారు. కారేది ఏదో ఒక్క పదార్థం కాదు. పొటాషియం బయటికి పోతుంది, సోడియం లోపలికి వస్తుంది. ఫాస్ఫోరిల్ కోలీన్ లాంటి చిన్న ఫాస్ఫేటు అణువులు, మామూలుగా కణంలో బందీగా ఉండేవి, బయటికి జారిపోతాయి. ప్రోటీన్లు మాత్రం లోపలే ఉంటాయి. అంటే పొర చిరగలేదు, చిన్న అణువులు దూరేంత రంధ్రాలు పడ్డాయి. కణం లోపలికీ బయటికీ మధ్య ఉండే విద్యుత్ తేడా పడిపోతుంది. సోడియం తేడా మీద ఆధారపడి కణం అమైనో ఆమ్లాలను లోపలికి లాక్కుంటుంది, ఆ తేడా పోగానే ఆ పని కూడా నిలిచిపోతుంది. పొర గుండా విసరణ పెరిగింది, పొర చేసే రవాణా తగ్గింది. వైరస్ పొర మీద ముందుగా చేసే గాయం ఇదే. కణాలు పూర్తిగా కలవకముందే, కొన్నిసార్లు కలవకపోయినా, ఈ కారుడు కనబడుతుంది. కలయిక, కారుడు ఒకటే సంఘటనకు రెండు పేర్లు కావని ఈ ప్రయోగాలు నేర్పాయి.

ఈ కారుడులో బయటికి పోయే ఫాస్ఫేటును కొలిచే పద్ధతులకు మూలం మన తెలుగువాడు. భీమవరంలో 1895లో పుట్టి, మద్రాసు వైద్య కళాశాలలో చదివి, అమెరికా వెళ్లిన యల్లాప్రగడ సుబ్బారావు 1925లో ఫిస్క్‌తో కలిసి రక్తంలో, కణజాలంలో ఫాస్ఫరస్‌ను రంగు ద్వారా కొలిచే పద్ధతి ఇచ్చాడు. 1929లో అదే పనినుంచి కణాలకు ఇంధనం లాంటి ఏటీపీ బయటికొచ్చింది. పొరల మీద పనిచేసే ప్రయోగశాలల్లో లిపిడ్ ఎంతుందో తేల్చాలంటే కొవ్వును కాల్చి, మిగిలిన ఫాస్ఫేటును ఫిస్క్-సుబ్బారావు కారకంతో నీలిరంగుగా మార్చి కొలిచే అలవాటు దశాబ్దాలపాటు నడిచింది. వైరస్ కొట్టిన కణంలో తరిగిపోయే ఏటీపీని గురించి మాట్లాడినప్పుడల్లా ఆయనను తలుచుకోవడం న్యాయం.

కారే పొర ఉబ్బుతుంది. ఉప్పు లోపలికి వస్తే దాని వెంట నీరు వస్తుంది. 1970ల్లో నటన్ అనే శాస్త్రవేత్త ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద చూసినప్పుడు ఒక సంగతి గమనించాడు. మొదటి చిన్న రంధ్రం వైరస్ పనే గానీ, దాన్ని వెడల్పు చేసి రెండు కణాలను ఒకే గుండ్రటి కణంగా మార్చే బలం చాలావరకు ఈ ఉబ్బునుంచే వస్తుంది. పొర ఉపరితలం మీది సన్నని వేళ్లలాంటి మడతలు ఆ ఉబ్బుకు సాగి చదునవుతాయి, కణానికి అంత పొర ఎక్కడినుంచి వచ్చిందన్న ప్రశ్నకు జవాబు అదే. ఈ చిత్రంలో కాల్షియం పాత్ర రెండువైపులా పదును. ఒకాడా ప్రయోగాల్లో కలయిక చక్కగా సాగడానికి అది కావాల్సి వచ్చింది. పాస్టర్నాక్ ప్రయోగాల్లో బయట కాల్షియం ఎక్కువుంటే కారుడు తగ్గింది. కొన్ని కణాలు ఈ గాయాన్ని కొంతసేపటికి మాన్పుకుని తమ పొటాషియాన్ని మళ్లీ కూడగట్టుకున్నాయి. కొన్ని కోలుకోలేదు. ఏ కణం ఎందుకు కోలుకుంటుందో వివరించే పని ఇప్పటికీ అసంపూర్ణంగానే ఉంది, దీనికి దక్కాల్సిన శ్రద్ధ దక్కలేదన్నది నా బాధ.

పొర రెండు వరసల్లోనూ కొవ్వులు ఒకటి కావు. ఫాస్ఫాటిడైల్ సెరైన్ అనే కొవ్వు మామూలుగా లోపలి వరసలోనే ఉంటుంది. అది బయటి వరసకు వస్తే కణం చావుకు దగ్గరైందని శరీరం అర్థం చేసుకుని తినే కణాలను పంపుతుంది. లోపలికి కాల్షియం ఎక్కువైనప్పుడు టీఎంఈఎం16ఎఫ్ అనే ప్రోటీన్ ఈ రెండు వరసల కొవ్వులను కలగలిపేస్తుంది. 2021లో ఇటలీ, ఇంగ్లండు పరిశోధకులు నేచర్ పత్రికలో ఒక ఫలితం ప్రచురించారు. కోవిడ్ వైరస్ స్పైక్ ప్రోటీన్ ఉన్న కణాల్లో కాల్షియం ఊగిసలాడుతుంది, టీఎంఈఎం16ఎఫ్ మేల్కొంటుంది, కొవ్వు బయటికి వస్తుంది, కణాలు కలుస్తాయి. ఆ ప్రోటీన్‌ను ఆపితే కలయిక తగ్గుతుంది. ఈ ఫలితంతో నలభై ఏళ్ల కిందటి కాల్షియం ప్రశ్న కొత్త రూపంలో తిరిగి వచ్చింది. రాణీఖేత్ వైరస్ సోకిన కణాల మీద ఒక జాతి చిక్కుడు గింజల ప్రోటీన్ వేస్తే మామూలు కణాలకన్నా సులువుగా గుంపు కడతాయని 1970ల మొదట్లోనే చూశారు. పొర ఉపరితలం మారిందనడానికి అప్పట్లో దొరికిన ముతక ఆధారం అది.

ఇక కోడిని చంపే రకానికీ టీకా రకానికీ మధ్య తేడా. ఎఫ్ ప్రోటీన్ మొదట పనిచేయని ఒకే గొలుసుగా పుడుతుంది. ఏదో ఒక ఎంజైము దాన్ని ఒకచోట కోసి రెండు ముక్కలు చేస్తేనే బోను బిగుస్తుంది. కోసే ఎంజైము వైరస్‌ది కాదు, కోడిది. మృదువైన రకాల్లో ఆ కోతచోట ఒక్కో క్షార అమైనో ఆమ్లమే విడిగా ఉంటుంది, దాన్ని కోయగల ఎంజైములు శ్వాసనాళంలో, పేగులో మాత్రమే దొరుకుతాయి. అందుకే వైరస్ అక్కడే ఆగిపోతుంది. చంపే రకాల్లో ఆ చోట అర్జినిన్, లైసిన్ గుంపుగా ఉంటాయి, పక్కనే 117వ స్థానంలో ఫినైల్ అలనిన్ ఉంటుంది. ఆ వరసను కోసే ఫ్యూరిన్ దాదాపు ప్రతి కణంలోనూ ఉంది. కాబట్టి వైరస్ మెదడుదాకా వెళుతుంది. 1976లో నాగాయ్, క్లెంక్, రాట్ ఈ సంబంధాన్ని స్థాపించారు. ఇవాళ ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ ఏ రకం ప్రమాదకరమో తేల్చడానికి వాడే కొలబద్దల్లో ఈ కోతచోటి వరస ఒకటి. కోళ్ల వైరస్‌లో తెలుసుకున్న ఈ పాఠమే కోవిడ్ కాలంలో పనికొచ్చింది. డెల్టా రకం మొదట మన దేశంలోనే కనబడింది. దాని స్పైక్‌లో కోతచోటికి ఆనుకుని 681వ స్థానంలో ప్రోలిన్ బదులు అర్జినిన్ వచ్చింది. ప్రయోగశాల కణాల్లో అది ఇంకా ఎక్కువగా సిన్సీషియాలు చేసింది. తరవాత వచ్చిన ఒమైక్రాన్ తక్కువ చేసింది. చెన్నైతో సహా దేశమంతా 2021 వేసవిలో పడిన వేదనకు కారణం ఈ ఒక్క మార్పే అని నేను అనను. పొరల కలయిక ఎక్కువైన రకం అన్నది మాత్రం నిజం.

మద్రాసు వైద్య కళాశాల పేరు ఈ కథలో మళ్లీ వస్తుంది. అక్కడ సూక్ష్మజీవశాస్త్రం ఆచార్యురాలు సునీతి సోలోమన్, ఆమె విద్యార్థిని సెల్లప్పన్ నిర్మల మద్రాసులో రక్త నమూనాలు సేకరించి, వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పరీక్షించారు. 1986లో మన దేశంలో హెచ్‌ఐవీ ఉందని తేలింది అలాగే. సమాజం తల తిప్పుకున్న రోజుల్లో ఆమె 1993లో వైఆర్‌జీ కేర్ పెట్టి రోగులకు చికిత్స ఇచ్చింది. అదే 1986లో అమెరికాలో కొందరు హెచ్‌ఐవీ పైపొర ప్రోటీన్ కణం మీది సీడీ4ను పట్టుకోవడం వల్ల కణాలు కలుస్తాయని చూపించారు. తరవాత సీసీఆర్5, సీఎక్స్‌సీఆర్4 అనే రెండు సహ గ్రాహకాలు తెలిశాయి. సీఎక్స్‌సీఆర్4 వాడే రకాలు ప్రయోగశాలలో పెద్ద సిన్సీషియాలు చేస్తాయి, రోగి పరిస్థితి త్వరగా దిగజారడంతో వాటికి సంబంధం ఉంది. మన దేశంలో ప్రధానంగా ఉండే సి ఉపరకం మాత్రం ఎక్కువగా సీసీఆర్5నే వాడుతుంది, సిన్సీషియం చేసే రకంగా అరుదుగా మారుతుంది. అయినా ఇక్కడి రోగులు తక్కువ బాధ పడలేదు. సిన్సీషియం ఒక్కటే హెచ్‌ఐవీ హానికి మూలం అనే తొలినాళ్ల ఊహ నిలవకపోవడానికి ఇదొక కారణం.

దీని నుంచి పుట్టే వివాదం ముఖ్యమైనది: శరీరంలో సిన్సీషియాలు నిజంగా ఎన్ని ఉంటాయి? రాణీఖేత్ సోకిన కోడి శరీరంలో పెద్ద బహుకేంద్రక కణాలు పళ్లెంలో కనబడినంతగా కనబడవు. గాజు పళ్లెంలో కణాలు ఒకే వరసలో, ఒకే జాతివి, దగ్గరగా ఉంటాయి, కలవడానికి అంతకన్నా అనువైన చోటు లేదు. కానీ హెచ్‌ఐవీ మెదడు వాపులో బహుకేంద్రక కణాలు ఉండడం ఆ రోగం గుర్తుల్లోనే ఒకటి. ఇటలీలోని ట్రియెస్టేలో కోవిడ్‌తో చనిపోయిన 41 మంది ఊపిరితిత్తులు పరిశీలించినప్పుడు వారిలో ఎక్కువమందిలో బహుకేంద్రక కణాలు కనిపించాయి. నా అభిప్రాయం ఇది: పెద్ద కణం ఉందా లేదా అన్న ప్రశ్నే సరిపోదు. శరీరంలో చాలా కణాలు కలవబోయి, పొర కారి, కలవకముందే చనిపోయి ఉండవచ్చు. ఆ గాయం సూక్ష్మదర్శినిలో పెద్ద కణంగా కనబడదు, అయినా రోగం అదే కావచ్చు.

తట్టు విషయం మనసును కలచివేస్తుంది. తట్టు తగ్గిపోయిన ఏళ్ల తరవాత కొందరు పిల్లల్లో వచ్చే ఎస్‌ఎస్‌పీఈ అనే మెదడు రోగంలో వైరస్ తాను మామూలుగా పట్టుకునే గ్రాహకాలేవీ లేని నాడీకణాల మధ్య పాకుతుంది. రోగుల మెదడునుంచి తీసిన వైరస్‌లలో ఎఫ్ ప్రోటీన్ మార్పులు చెంది, అతి సులువుగా పొరలు కలిపేలా తయారై ఉంటుంది. కొత్త రేణువులు బయటికి రావడానికి కావాల్సిన మరో ప్రోటీన్ తరచు పాడై ఉంటుంది. వైరస్ ఇక బయటికి రాదు, పొరనుంచి పొరకు సాగుతుంది. ఈ రోగాన్ని నయం చేసే చికిత్స ఇంకా లేదు. తట్టు టీకా వేసుకోవడమే దారి. దాని దగ్గరి బంధువు, పశువులను గుంపులుగా చంపిన ముసర వ్యాధి రిండర్‌పెస్ట్ కూడా కణాలను కలిపే వైరస్సే. మన దేశంలో దాని చివరి కేసులు 1995లో తమిళనాడులో వచ్చాయి. 2011లో దాన్ని ప్రపంచం నుంచి తుడిచేసినట్టు ప్రకటించారు.

కలయిక ప్రోటీన్ బోను విడిన తరవాత ఎలా ఉంటుందో, విడకముందు ఎలా ఉంటుందో తెలియకపోవడం ఒకసారి ప్రాణాలు తీసింది. 1960ల్లో ఫార్మలిన్‌తో చంపిన ఆర్‌ఎస్‌వీతో టీకా చేసి అమెరికాలో పసిపిల్లలకు ఇచ్చారు. తరవాత నిజమైన వైరస్ సోకినప్పుడు టీకా తీసుకున్న పిల్లలకు రోగం ఇంకా తీవ్రమైంది, ఇద్దరు చనిపోయారు. ఆ టీకాలో ఎఫ్ ప్రోటీన్ ఎక్కువగా విడిన ఆకారంలో ఉండి, పనికొచ్చే ప్రతిరక్షకాలను పుట్టించలేకపోయిందని తరవాత అర్థమైంది. 2013లో మెక్‌లెల్లన్ బృందం విడని ఆకారాన్ని బంధించే మార్పులు చేసింది. ఆ పని మీద కట్టిన ఆర్‌ఎస్‌వీ టీకాలకు 2023లో అమెరికాలో అనుమతి దొరికింది. కొన్ని కోవిడ్ టీకాల్లోనూ స్పైక్‌లో రెండు ప్రోలిన్లు పెట్టి ఆకారాన్ని బిగించారు. మన దేశంలో ఎక్కువమందికి పడిన కోవిషీల్డ్‌లో ఆ మార్పు లేదు, కోవోవ్యాక్స్‌లో ఉంది.

మందుల వైపు వస్తే, జీపీ41 మడత పడకుండా మధ్యలో ఇరుక్కునే ఎన్‌ఫువిర్‌టైడ్‌కు 2003లో అనుమతి వచ్చింది. రోజుకు రెండు సూదులు, ఖరీదు ఎక్కువ, పేదదేశాల రోగులకు అది అందేది కాదు. పొరనే లక్ష్యం చేసుకునే దారి వేరు. టీఎంఈఎం16ఎఫ్ పరిశోధకులు ఇప్పటికే వాడుకలో ఉన్న మూడువేలకు పైగా మందులు పరీక్షించి, బద్దెపురుగులకు ఇచ్చే నిక్లోసమైడ్ కణాల కలయికను ఆపుతుందని కనుక్కున్నారు. అది కోవిడ్‌కు ప్రామాణిక చికిత్స కాలేదు. కానీ వైరస్ ప్రోటీన్ ఎన్నిసార్లు మారినా మారని లక్ష్యం పొర అన్న ఆలోచన నాకు సబబుగా తోస్తుంది. హైదరాబాదు సీసీఎంబీలో అమితాభ ఛటోపాధ్యాయ పొరలో కొలెస్టరాల్ పాత్ర మీద చేసిన పని ఈ ఆలోచనకు ఊతం. ఢిల్లీలో దేవీ ప్రసాద్ సర్కార్ బృందం సెండాయ్ పైపొరనుంచి హెచ్‌ఎన్ తీసేసి ఎఫ్ మాత్రం ఉంచి, ఆ ఖాళీ సంచులతో కాలేయకణాల్లోకి జన్యువులు పంపే పద్ధతి రూపొందించింది. ఎఫ్ మీద చక్కెరల కొసన గాలక్టోజ్ ఉంటుంది, కాలేయకణం పొరమీది ఒక గ్రాహకం దాన్ని పట్టుకుంటుంది.

పొరను బిగించి వైరస్‌ను ఆపే మందుకు ఎదురయ్యే అసలు అడ్డంకి గర్భంలో ఉంది. మావి ఉపరితలం సుమారు 12 చదరపు మీటర్ల వరకు ఒకే సిన్సీషియం. తల్లి రక్తానికీ బిడ్డకూ మధ్య ఉన్న ఆ పొరను కుట్టేది సిన్సిటిన్. ఒకప్పుడు మన పూర్వీకుల జన్యువుల్లో చేరిపోయిన రెట్రోవైరస్ కలయిక ప్రోటీన్ అది, 2000లో దాన్ని గుర్తించారు. అక్కడ కణాలు కలుస్తాయి, పొర కారిపోదు, నెలల తరబడి పనిచేస్తుంది. శరీరంలో వైరస్ వచ్చినప్పుడు ఇంటర్‌ఫెరాన్ ఐఎఫ్‌ఐటీఎం అనే ప్రోటీన్లను పెంచుతుంది, అవి పొర గుణాన్ని మార్చి వైరస్ కలవకుండా అడ్డుకుంటాయి. 2019లో ఎలుకల మీద జరిగిన పనిలో ఆ ఐఎఫ్‌ఐటీఎంలే సిన్సిటిన్‌నూ ఆపేసి, మావి సరిగా ఏర్పడక పిండాలు చనిపోవడానికి కారణమయ్యాయని తేలింది. కనుక పొరనే గురిపెట్టే ఏ మందునైనా గర్భిణికి ఇవ్వవచ్చునా అన్న పరీక్ష చివర్లో కాక మొదట్లోనే, మావి కణాల మీదే జరగాలి.